దీపం పెట్టినవాళ్ల గురించి రాశారు, బాగుచేసేవాళ్ల మాటేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. పల్లెలకు సోలార్ వెలుగులు తీసుకెళ్తున్న యువ పారిశ్రామికవేత్తల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు శ్రద్ధగానే రాశారు. ఆ పిల్లల చొరవనూ మెచ్చుకోవాల్సిందే. మంచి ఉద్యోగం వదులుకుని, కరెంటు సరిగా అందని ఊళ్లకు వెళ్లి వ్యాపారం పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. అయితే ఎన్ని దీపాలు పెట్టారు, ఎన్ని ఊళ్లు తిరిగారు, ఎవరు ఏ అవార్డు ఇచ్చారు అన్న వివరాలతోనే వ్యాసమంతా నిండిపోయింది. ఆ దీపం మూడో ఏట ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ వచ్చే మనిషి ఎంత దూరం నుంచి రావాలి, ఈ పని మీద ఆ మనిషికి ఇల్లు గడుస్తుందా? వీటి గురించి ఒక్క వాక్యం కూడా కనబడలేదు. నా దృష్టిలో అసలు వ్యాపారం అక్కడే మొదలవుతుంది.

నేను బ్యాటరీ మెకానిక్‌ని. మొదట్లో మోటారు వైండింగ్ చేసేవాణ్ని, తర్వాత ఇన్వర్టర్ల పని, ఇప్పుడు ఎక్కువగా సోలారే. పత్రికలో ప్రారంభోత్సవం ఫొటో పడిన సామానే కొన్నేళ్లు పోయాక నా బల్ల మీదికి వస్తుంది. కాబట్టి నేను చెప్పేది మీ వ్యాసానికి అవతలి వైపు నుంచి ఉంటుంది, ఏమీ అనుకోకండి.

సోలార్ పనిచేయడం లేదంటే చాలామంది ప్యానెల్ పోయిందనుకుంటారు. ప్యానెల్ అంత తేలిగ్గా పోదు. దుమ్ము తుడుస్తూ, నీడ పడకుండా చూసుకుంటే పాతికేళ్లు కరెంటు ఇస్తుంది. ముందు పోయేది బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే మూత తీయగానే సగం కథ తెలిసిపోతుంది. నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయి ఉంటాయి, గాలి తగిలిన మేర ప్లేట్లు తెల్లగా పొట్టు కట్టి ఉంటాయి. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెడితే, పూర్తి చార్జిలో 1250 దగ్గర ఉండాల్సిన గ్రావిటీ (అదే ఆ చిక్కదనం) 1150 కూడా దాటదు. ఆరు సెల్లుల్లో ఒకటి పూర్తిగా చచ్చిపోయి మిగతా ఐదింటినీ కిందికి లాగుతూ ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన చోట బోరు నీళ్లు పోసి ఉంటారు. ఆ నీళ్లలోని ఇనుము, ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి.

ఇంకో రకం కేసు చార్జ్ కంట్రోలర్ది. బ్యాటరీ ఒక స్థాయికి దిగగానే దీపం ఆపేయడం దాని పని. రాత్రి పిల్లలు చదువుకుంటుండగా దీపం ఆగిపోతే ఇంట్లో వాళ్లకు చిరాకు రాదా? ఊళ్లో ఎవరో కాస్త వైరింగ్ తెలిసినవాడు వచ్చి కంట్రోలర్‌ని పక్కన పెట్టేసి, బ్యాటరీ నుంచి దీపానికి తీగ డైరెక్ట్ చేసేస్తాడు. ఆ రాత్రికి దీపం వెలుగుతుంది, అందరూ సంతోషం. అలా రోజూ అడుగు దాకా పిండితే కొన్ని నెలల్లోనే బ్యాటరీ పని అయిపోతుంది. దీన్ని జనం తెలివితక్కువతనం అంటే నేను ఒప్పుకోను. రెండు దీపాలకు లెక్కవేసి ఇచ్చిన బ్యాటరీ మీద టీవీ పెడితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. టీవీ కూడా కావాలంటే ఎంత పెద్ద బ్యాటరీ కావాలి, దానికి ఎంత ప్యానెల్ కావాలి అని లెక్కకట్టి ఇచ్చే మనిషి దగ్గర్లో లేడు. ఆ మనిషిని ఊరికి దగ్గరగా పెట్టగలిగినవాడే నా లెక్కలో పారిశ్రామికవేత్త. తక్కినదంతా సామాను రవాణా.

ఈ మాట ముందే గ్రహించినవాళ్లు మన పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. హరీష్ హండే ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలో సౌరశక్తి మీద డాక్టరేట్ చేసి వచ్చి, 1995లో నెవిల్ విలియమ్స్‌తో కలిసి కర్ణాటకలో సెల్కో కంపెనీ పెట్టారు. 2011లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అవార్డు సంగతి అందరికీ గుర్తుంటుంది, ఆయన చేసిన పని మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. కొత్త ప్యానెల్ ఏమీ ఆయన కనిపెట్టలేదు. బజార్లో దొరికే ప్యానెలూ బ్యాటరీయే అమ్మారు. చేసిందల్లా రెండు పనులు. గ్రామీణ బ్యాంకుల మేనేజర్ల చుట్టూ తిరిగి సోలార్ దీపానికి కూడా అప్పు ఇవ్వవచ్చని ఒప్పించారు. అమ్మిన చోటికి దగ్గరగా సర్వీసు బ్రాంచీలు తెరిచి, స్థానికులనే టెక్నీషియన్లుగా పెట్టుకున్నారు.

తోపుడు బండి మీద అమ్ముకునే ఒకామె కథ ఆయన చాలా సభల్లో చెప్పారు. నెలకు 300 రూపాయలంటే నేను కట్టలేను, రోజుకు 10 రూపాయలంటే కట్టగలను అందట ఆమె. లెక్కల మాస్టారికి రెండూ ఒకటే. రోజు సంపాదన రోజే చేతికి వచ్చి రోజే ఖర్చయ్యే మనిషికి ఒకటి కాదు. నెలాఖరుకు 300 కూడబెట్టి ఉంచాలంటే మధ్యలో పిల్లాడికి జ్వరం రాకూడదు, చుట్టాలింట్లో శుభకార్యం ఉండకూడదు. అప్పు వాయిదాను ఆమె సంపాదన వచ్చే తీరుకు తగ్గట్టు మార్చితే పేదవాళ్లు ఎగ్గొడతారన్న భయం చాలావరకు పోతుంది. కౌలు రైతుకు పంట చేతికొచ్చాక, పాడి ఉన్నవాళ్లకు పాలబిల్లు వచ్చిన రోజున, కూలి చేసేవాళ్లకు వారానికోసారి కట్టే వీలుండాలి. పేదవాళ్లు ఇలాంటి సామాను కొనలేరు, కొన్నా చూసుకోలేరు, వాళ్లకు మేలు చేసే వ్యాపారం నిలబడదు అన్న మూడు అపోహలను తప్పని చూపించడానికే కంపెనీ పెట్టానని హండే చెబుతారు. మొదటి రెండూ అపోహలేనని నా పనిలో రోజూ చూస్తున్నాను. మూడోది మాత్రం ఇంకా కష్టంగానే ఉంది, ఆ సంగతికి వస్తాను.

ఈ వ్యాపారం ఎంత పెద్దదిగా ఎదగగలదో, ఎలా కూలిపోగలదో రెండూ చూడాలంటే బంగ్లాదేశ్ వైపు చూడాలి. అక్కడ 1996లో ఊళ్లలో ఇళ్లకు సోలార్ సెట్లు వాయిదాల మీద అమ్మే గ్రామీణ్ శక్తి అనే సంస్థ మొదలైంది. దాన్ని నడిపిన దీపాల్ బరువాకు 2009లో జాయెద్ ఫ్యూచర్ ఎనర్జీ ప్రైజు వచ్చింది. 2003 నుంచి అక్కడి ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఇడ్‌కాల్ ఇలాంటి సంస్థలకు అప్పులిస్తూ, సామాను నాణ్యతకు షరతులు పెట్టింది. బ్యాటరీకి 5 ఏళ్ల వారంటీ ఇవ్వాలన్నది అందులో ఒకటి. ఇళ్లకు వెళ్లి వాయిదా వసూలు చేసే మనిషే దీపం ఎలా ఉందో కూడా చూసి వచ్చేవాడు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. దీపం వెలగకపోతే డబ్బు రాదు, డబ్బు రాకపోతే వచ్చినవాడికే టెన్షన్. అలా 40 లక్షలకు పైగా ఇళ్లలో సోలార్ పెట్టారు, సుమారు 2 కోట్ల మంది ఆ వెలుగులో బతికారు.

తర్వాత ఏమైంది? స్తంభాల మీదుగా వచ్చే గ్రిడ్ కరెంటు, వాళ్లు అనుకున్న దానికంటే వేగంగా ఊళ్లలోకి వచ్చేసింది. మరోవైపు ప్రభుత్వ సహాయ పథకాల కింద ఇవే సోలార్ సెట్లను ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. పక్కింటివాడికి ఉచితంగా వచ్చిన వస్తువుకు నేను వాయిదా ఎందుకు కట్టాలి అని ఎవరైనా అనుకుంటారు కదా. అమ్మకాలు పడిపోయాయి, వసూళ్లు ఆగిపోయాయి, సంస్థలు దెబ్బతిన్నాయి. ఉచితంగా ఇచ్చినందుకు నాకేమీ కోపం లేదండీ, పేదవాడికి ఉచితంగా వస్తే నాకేం బాధ? వాయిదా వసూలు చేస్తూ దీపం చూసుకునే ఆ స్థానిక మనిషి పని ఊడిపోయింది, అదీ బాధ. ఉచితంగా పంచిన దీపం చెడిపోయే నాటికి దాన్ని బాగుచేయగలిగే మనిషి వేరే పని వెతుక్కుని వెళ్లిపోయి ఉంటాడు.

మన బిహార్‌లోనూ ఇలాంటి అనుభవమే ఉంది. జహానాబాద్ జిల్లా ధర్నాయీలో 2014లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్, అంటే ఆ ఊరికి సొంతంగా కరెంటిచ్చే చిన్న వ్యవస్థ, పెట్టింది. దేశమంతా పేరొచ్చింది. నాయకులు వస్తే ఊరివాళ్లు మాకు అసలు కరెంటు కావాలని అడిగారు. ఆ వార్త చదివి చాలామంది నవ్వుకున్నారు, కొందరు ఆ ఊరివాళ్లను తిట్టారు కూడా. నాకైతే వాళ్లు న్యాయంగానే అడిగారనిపించింది. ఫ్రిజ్ పెట్టొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు, ఎక్కువ లోడు వేయొద్దు అని షరతులు పెట్టి, పట్నంలో కరెంటు కన్నా ఎక్కువ రేటు కట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు? తర్వాత గ్రిడ్ కరెంటు తక్కువ ధరకు వచ్చింది, బ్యాటరీలు అయిపోయాయి, మైక్రోగ్రిడ్ మూలపడింది. చివరికి ఆ ప్రాంగణంలో పశువులను కట్టేస్తున్నారని పత్రికల్లోనే వచ్చింది. బ్యాటరీలు మార్చడానికి డబ్బు ఎవరు దాచిపెట్టాలన్న ప్రశ్నను మొదటి రోజే తేల్చుకుని ఉండాల్సింది.

2018 ఏప్రిల్‌కు దేశంలో ప్రతి ఊరికీ కరెంటు స్తంభం చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. ఇళ్లకూ చాలావరకు చేరింది. ఇంకా సోలార్ వ్యాపారం దేనికి అని మీ పాఠకులు అడగవచ్చు. కిరసనాయిలు దీపం స్థానంలో సోలార్ దీపం అన్న కాలం దాదాపు అయిపోయింది. ఇప్పటి పని వేరు. తీగలో కరెంటు ఉన్నా, పని చేసుకునే వేళకు ఓల్టేజీ ఉండని చోట, మనిషి సంపాదన పెంచే యంత్రాన్ని నడపడం ఇప్పటి పని. మీ వ్యాసంలో దీనికి కనీసం సగం చోటైనా ఇచ్చి ఉండాల్సింది.

దసలి (టసర్) పట్టు సంగతే చూడండి. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు ఆడవాళ్లు ఉడికించిన పట్టుకాయల నుంచి దారం తీసి, తొడ మీద అరచేత్తో రుద్ది పురి పెడతారు. రోజంతా చేస్తే చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. ఒంటి మీద అంత దెబ్బ తగిలే పనికి వచ్చే కూలి కూడా తక్కువే. కునాల్ వైద్ అనే ఆయన రేషమ్ సూత్ర పేరుతో కంపెనీ పెట్టి, చాలా తక్కువ కరెంటుతో సోలార్ మీద కూడా నడిచే దారం తీసే యంత్రాలు తయారుచేశారు. ఆ యంత్రం వచ్చాక తొడ మీద రుద్దాల్సిన పని లేదు, దారం సమంగా వస్తుంది, రోజుకు తీసే దారం పెరుగుతుంది, రేటూ బాగా పలుకుతుంది. అలాంటి ఇంట్లో సోలార్ ప్యానెల్‌కు నీడ పడుతుంటే వాళ్లే చెట్టు కొమ్మ కొట్టేస్తారు. బ్యాటరీలో నీళ్లు తగ్గితే వాళ్లే అడుగుతారు. ఎందుకంటే యంత్రం ఒక్క రోజు ఆగితే ఆ రోజు డబ్బు పోతుంది. దీపం ఆగితే మనిషి సర్దుకుంటాడు, సంపాదన ఆగితే సర్దుకోడు. మరమ్మతు మనిషికి పని దొరికేది, డబ్బు సకాలంలో అందేది ఇలాంటి చోటే.

నా బల్ల మీది ఉదాహరణ ఒకటి చెబుతాను. బట్టలు కుట్టే ఒకావిడ తన మిషన్‌కు సోలార్ పెట్టించుకుంది. పెట్టినవాళ్లు ఉన్న పాత క్లచ్ మోటారునే ఉంచి, దానికి ఇన్వర్టర్ తగిలించి వెళ్లారు. క్లచ్ మోటారుకు ఒక దురలవాటు ఉంది. కుట్టినా కుట్టకపోయినా స్విచ్ వేసి ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఆమె బొత్తాం వెతుక్కుంటున్నా, దారం ఎక్కిస్తున్నా, వచ్చినవాళ్ల కొలతలు తీసుకుంటున్నా బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. పైగా డీసీని ఏసీగా మార్చేటప్పుడు ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. మధ్యాహ్నానికే బ్యాటరీ డౌన్. సోలార్ పనికిరాదని ఆవిడ తీర్మానించుకుంది, వాడకట్టు మొత్తానికి చెప్పేసింది కూడా. నేను చేసిందల్లా ఆ మోటారు తీసేసి సర్వో మోటారు పెట్టడం. తొక్కినప్పుడే తిరుగుతుంది, వదలగానే ఆగుతుంది. ఫ్యాను కూడా పాత రకం 75 వాట్లది తీసేసి 30 వాట్ల లోపు తినే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించాను. ప్యానెల్ అదే, బ్యాటరీ అదే. ఇప్పుడు సాయంత్రం దాకా కుడుతోంది. ముందు యంత్రం తిండి తగ్గించాలి, ఆ తర్వాత ప్యానెల్ పెంచే మాట. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఆవిడ పక్కన కూర్చుని ఒక పూట చూస్తే చాలు. ఆ పూట కూర్చోవడానికి అమ్మినవాడికి తీరిక లేదు.

కేంద్ర కొత్త, పునరుత్పాదక ఇంధన శాఖ 2022 ఫిబ్రవరిలో ఇలాంటి జీవనోపాధి యంత్రాల కోసం ఒక విధాన పత్రం విడుదల చేసింది. ఆ పత్రం గురించి తెలుగు పత్రికల్లో నేను పెద్దగా చదవలేదు. ఇళ్ల కప్పుల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ గురించి మాత్రం రోజూ ఏదో ఒక ప్రకటన కనిపిస్తుంది. సొంత డాబా, సొంత మీటరు ఉన్నవాళ్లకు అది మంచి పథకమే. అద్దె గదిలో మిషన్ కుట్టుకునేవాళ్లకు దాంతో ఒరిగేది లేదు.

డబ్బు వసూలు విషయంలో కెన్యా వాళ్లది వేరే దారి. అక్కడ ఎం-పెసా అని ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి 2007 నుంచే ఉంది. దాని ఆధారంగా ఎం-కోపా కంపెనీ 2012లో వ్యాపారం మొదలుపెట్టింది. రోజువారీ చిన్న మొత్తం ఫోన్‌లో కడితే సోలార్ సెట్ పనిచేస్తుంది, కట్టకపోతే దూరం నుంచే తాళం పడుతుంది. బ్యాంకు గడప ఎక్కలేనివాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది. కానీ ఈ తాళం మీద నాకు అంత మంచి అభిప్రాయం లేదు. వాయిదా కట్టనివాడికి తాళం వేయడం సరే, బ్యాటరీ చెడి వారం రోజులు దీపం లేకపోతే కంపెనీకి ఎవరు తాళం వేస్తారు? ఆ వారం వాయిదా మాఫీ అయ్యేలా అదే సాఫ్ట్‌వేర్‌లో రాయడం పెద్ద కష్టమేమీ కాదు. మన దగ్గర ఈ పద్ధతి తెచ్చే కుర్రాళ్లు ఈ రెండో తాళం సంగతి కూడా ఆలోచించాలని కోరుతున్నాను.

మరమ్మతు మనిషి ఊళ్లో నిలవాలంటే ఎవరికి నేర్పాలన్నది ఇంకో చిక్కు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లలో చెయ్యి తిరిగినవాడెవడూ ఊళ్లో ఆగలేదు. సర్టిఫికెట్ వచ్చిందో లేదో పట్నం బస్సు ఎక్కేస్తారు. వాళ్లను తప్పుపట్టను, అక్కడ జీతం బాగుంటుంది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ ఈ చిక్కుకు చమత్కారమైన జవాబు కనిపెట్టింది. మగవాళ్లను వదిలేసి అమ్మమ్మలకు, నాయనమ్మలకు నేర్పారు. ఊరు వదిలి వెళ్లనివాళ్లు వాళ్లేనని ఆయన లెక్క. ఆఫ్రికా దేశాల నుంచి కూడా, ఎప్పుడూ బడికి వెళ్లని స్త్రీలు వచ్చి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, తీగల రంగులు, సైగలు, బొమ్మల సాయంతో ఆరు నెలల్లో సర్క్యూట్లు అతకడం నేర్చుకుని వెళ్లారు.

అందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది, బయటివాళ్లకు తట్టదు. మధ్యాహ్నం వేళ మగవాళ్లు పనికి వెళ్లి, ఇంట్లో ఆడవాళ్లే ఉన్నప్పుడు నాలాంటివాడు వెళ్లి లోపలి గదిలో బ్యాటరీ చూడాలంటే మొహమాటం. వాళ్లకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది. సాయంత్రం రమ్మంటారు, సాయంత్రం వెలుతురు ఉండదు, ప్యానెల్ నుంచి కరెంటు ఎంత వస్తుందో కొలవలేను. పని నేర్చిన ఆడమనిషి అయితే నేరుగా వంటింట్లోకి వెళ్లి చూసుకుని వస్తుంది. మన దగ్గర డ్వాక్రా సంఘాలున్నాయి, పొదుపు, అప్పు, వసూలు వాళ్లకు కొట్టిన పిండి. అందులో ఒకరిద్దరి చేతికి కరెంటు కొలిచే మల్టీమీటరు ఇచ్చి, కొన్ని నెలలు నాలాంటివాళ్ల దగ్గర కూర్చోబెడితే చాలు. వచ్చినవాళ్లకు నేర్పడానికి నేను సిద్ధం.

ఇక హండే చెప్పిన మూడో అపోహ, అంటే పేదవాళ్లకు మేలు చేసే వ్యాపారం నిలబడదన్న మాట దగ్గరికి వస్తాను. మరమ్మతు వ్యాపారం ఎందుకు నిలబడటం లేదు? డబ్బంతా బిగించే రోజునే అయిపోతోంది గనక. టెండర్లో తక్కువ రేటు వేసినవాడికి పని దక్కుతుంది. ఐదేళ్ల నిర్వహణ అని కాగితం మీద ఉంటుంది. దాని కోసం విడిగా డబ్బు దాచిపెట్టినట్టు నాకైతే కనబడలేదు. ఒక ఊళ్లో వీధి దీపాలు చూడటానికి పిలిచారు. స్తంభానికి కొట్టిన రేకు మీద కంపెనీ సర్వీసు నంబరు ఉంది, అది మోగదు. ప్యానెల్, బ్యాటరీ, దీపం మూడూ ఒకే పెట్టెలో ఇమిడ్చిన రకం అవి. పట్టపగలు ఎండలో ప్యానెల్ కింద కాలుతూ కూర్చుంటే లిథియం బ్యాటరీ ఎన్నాళ్లు బతుకుతుంది? కిందికి దించి విప్పుదామంటే లోపల సెల్లులకు జిగురు పోసి గట్టిగా మూసేశారు. సర్క్యూట్ మీద చిప్ నంబరు గీకేశారు. అంటే నాలాంటివాడు ముట్టుకోకూడదని ముందే నిర్ణయించుకున్నారన్నమాట. ఒక సెల్లు మారిస్తే పనిచేసే పెట్టెను మొత్తంగా పారేయాలి.

నన్నడిగితే బిల్లులో నాలుగో వంతైనా ఆపి ఉంచాలి. మూడో ఏడు చివర ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో ఆ ఊరి పంచాయతీయే లెక్కపెట్టి, అన్నిటికే డబ్బు ఇవ్వాలి. అప్పుడు కంపెనీయే పరుగెత్తుకొచ్చి స్థానికంగా ఒక మనిషిని జీతానికో కమీషన్‌కో పెట్టుకుంటుంది. ఎవరూ బతిమాలాల్సిన పని ఉండదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల మీద దృష్టి పెట్టారు. ప్రభుత్వ డబ్బుతో కొనే సోలార్ సామానును కూడా ఆ వరసలో చేర్చి, విడిభాగాలు, సర్క్యూట్ బొమ్మ ఇవ్వనివాళ్లకు టెండరే ఇవ్వకూడదు.

పాత బ్యాటరీల మాట కూడా చెప్పకపోతే నా ఉత్తరానికి అర్థం లేదు. సోలార్‌ని స్వచ్ఛ ఇంధనం అంటున్నాం. చచ్చిన లెడ్ బ్యాటరీ ఎక్కడికి వెళ్తుందో అడగండి. పాత ఇనుప సామాన్లవాడు బరువు చూసి కొంటాడు, అక్కడినుంచి కొన్ని సరైన ఫ్యాక్టరీకి వెళ్తాయి, కొన్ని ఊరి బయట పెంకుటి షెడ్డులోకి వెళ్తాయి. అక్కడ పగలగొట్టి, యాసిడ్ మట్టిలో పారబోసి, బహిరంగంగా సీసం కరిగిస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము పిల్లల రక్తంలో చేరితే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, అమ్మిన బ్యాటరీలను తిరిగి సేకరించి సరిగా శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుదే. ఊళ్లో మరమ్మతు మనిషి ఉంటే పాతది తీసుకుని కొత్తది ఇచ్చే పని కూడా అతని చేతి మీదుగానే జరుగుతుంది, దానికీ నాలుగు డబ్బులు వస్తాయి. యువ పారిశ్రామికవేత్తలు అవార్డు ఫొటోలో చూపించదగ్గ పని కాదేమో గానీ, దీనికి మించిన స్థానిక వ్యాపారం నాకు తోచడం లేదు.

కాబట్టి సంపాదకులు గారూ, ఇలాంటి వ్యాసం మళ్లీ వేసేటప్పుడు మీ విలేఖరిని కొత్తగా దీపాలు పెట్టిన ఊరికి కాకుండా, నాలుగైదేళ్ల కిందట పెట్టిన ఊరికి పంపండి. చీకటి పడ్డాక వెళ్లమనండి. ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టి, వెలుగుతున్న ఇంట్లోవాళ్లను బ్యాటరీ ఎవరు చూసుకుంటారని అడిగి, ఆ పేరు మీ పత్రికలో వేయండి. వెలగని ఇంట్లో ఎందుకు ఆగిందో తెలియకపోతే నన్ను పిలవండి, చూసి చెబుతాను, డబ్బు అక్కర్లేదు. వేసవిలో మాత్రం ఒక వారం ముందు చెప్పాలి, ఆ నెలల్లో ఇన్వర్టర్ల పనితో ఊపిరాడదు.

ఇట్లు,
ఒక బ్యాటరీ మెకానిక్
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)